తమ్మిలేరు వెంట నేర్చుకున్న మొక్కలు

మా ఏలూరు సరిగ్గా ఒక గీత మీద ఉంటుంది. ఉత్తరానికి చింతలపూడి బస్సు ఎక్కితే ఎర్రమట్టి, జీడిమామిడి తోటలు, పొగాకు బ్యారన్లు. దక్షిణానికి వెళ్తే నల్లమట్టి, వరిచేలు, ఆ తర్వాత కొల్లేరు. మెట్ట వాళ్ళు, పల్లం వాళ్ళు అనే మాటలు మా ఇళ్ళల్లో పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు కూడా వచ్చేవి. పల్లం పిల్లని మెట్టకిస్తే నీళ్ళకి కటకటలాడిపోతుందని మా నాయనమ్మ భయం. ఆ తేడా మొక్కల్లో ఎలా ఉంటుందో మాత్రం నాకు డిగ్రీలో చేరాకే తెలిసింది. తొంభైల మొదట్లో మాట. చూపించింది మా బాటనీ మాస్టారు.

ఆయనకి తరగతి గదిలో పాఠం చెప్పడం అంతగా నచ్చేది కాదు. బోర్డు మీద బొమ్మ వేస్తూ వేస్తూ సుద్దముక్క పక్కన పెట్టి, "ఆదివారం ఎవరెవరికి ఖాళీ?" అనేవారు. ఆడపిల్లలం వస్తామంటే ముందు ఇంటికొచ్చి నాన్నగారితో మాట్లాడి, దీపాలు పెట్టే వేళకి ఇంటి దగ్గర దింపుతానని మాటిచ్చి మరీ తీసుకెళ్ళేవారు. భుజాన ఒక గుడ్డ సంచి. అందులో పాత పేపర్లు, చిన్న కొడవలి, పురికొస. మెడలో దారానికి కట్టిన భూతద్దం. సంచి అడుగున అట్టలు ఊడిపోయిన గ్యాంబుల్ ఫ్లోరా సంపుటం ఉండేది. మద్రాసు రాజధాని మొక్కల మీద 1915లో మొదలై 1936 దాకా భాగాలుగా వచ్చిన పుస్తకం అది. మన కోస్తా జిల్లాల మొక్కలు పోల్చుకోవాలంటే ఇప్పటికీ దాన్ని తిరగేయాల్సిందే. అయితే ఆయన దాన్ని చివర్లో, అందరం చెట్టు నీడన కూర్చున్నాకే తెరిచేవారు.

"ముందే పుస్తకం తీస్తే పుస్తకంలో ఉన్నదే కనబడుతుందమ్మా. ముందు నీ కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకో. పొడి మట్టిలోనా, తడి మట్టిలోనా, నీళ్ళలోనా? సగం మొక్కలు అక్కడే తేలిపోతాయి" అనేవారు.

మా కోసం ఆయన ఎంచుకున్న దారి తమ్మిలేరు. ఖమ్మం జిల్లా వైపు మెట్టలో పుట్టి, చింతలపూడి దగ్గర నాగిరెడ్డిగూడెం ప్రాజెక్టు దాటి, ఏలూరుని ఒరుసుకుంటూ వచ్చి కొల్లేటిలో కలుస్తుంది. పెద్ద నదేమీ కాదు. వేసవిలో చాలాచోట్ల ఇసుకే. కానీ ఎండు గుట్ట దగ్గర మొదలుపెట్టి నిండు నీళ్ళ దాకా ఒకే ఏటి వెంట నడవొచ్చు. ఒక్కో సెలవు రోజుకి ఒక్కో మజిలీ, పైనుంచి కిందికి. ఇంతకన్నా మంచి సిలబస్ ఎవరూ రాయలేరని నా నమ్మకం.

మొదటి మజిలీ గుంటుపల్లి గుహలు. కామవరపుకోట దాటాక, రెండు వేల ఏళ్ళ పైబడిన బౌద్ధుల గుండ్రటి చైత్యం ఉన్న కొండ. వచ్చినవాళ్ళంతా గుహలు చూసి వెళ్ళిపోతారు. మేం గుహల దాకా చేరేసరికే మధ్యాహ్నం దాటిపోయేది. కారణం, కింద మెట్ల దగ్గరే మాస్టారు కూర్చుండిపోయేవారు. అక్కడ వెంపలి మొక్కలుండేవి. చూడ్డానికి మామూలు మొక్క, చిన్న చిన్న ఊదారంగు పూలు. ఒక్క రెబ్బ ఆకుని రెండు చివర్లా పట్టుకుని మెల్లగా లాగమనేవారు. అది అడ్డంగా తెగదు. ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో చీలుతుంది. ఎన్ని ఆకులు లాగినా అంతే. పక్క ఈనెలు మధ్య ఈనె నుంచి ఏటవాలుగా, దగ్గర దగ్గరగా, ఒకే తీరున అంచు దాకా పోతాయి కాబట్టి చీలిక కూడా ఆ దారే పడుతుంది. పువ్వూ కాయా లేని రోజుల్లో కూడా వెంపలిని పోల్చుకోవచ్చు. ఆ రోజు మా చేతుల కింద ఎన్ని ఆకులు చిరిగాయో చెప్పలేను, అందరం పిల్లలమైపోయాం.

ఆ కొండ మీద పేర్ల కంటే ముందు మాకు తెలిసింది మొక్కల పొదుపు. జిల్లేడు ఆకు మీద వేలు రాస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది, ఆకులోని తడి ఎండకి ఎగిరిపోకుండా వేసుకున్న పూత అది. విష్ణుక్రాంత నేల మీదే పాకుతూ నీలం చుక్కల్లాంటి పూలు పూస్తుంది. దాని ఆకుని భూతద్దంలో చూస్తే పట్టు నూగు. నల్లేరుకి ఆకులు పేరుకే. నాలుగు పలకల పచ్చటి కాడే ఆకు పని చేసేస్తుంది. బలుసుకి ముళ్ళు, రేగుకి ముళ్ళు, చండ్రకి ముళ్ళు. తంగేడు మాత్రం వీటన్నిటి మధ్య ఏ ముల్లూ లేకుండా, ఎండలో పసుపు పూలతో నిలబడి ఉండేది. మేకలు దాని జోలికి పోవని, అందుకే ముళ్ళతో దానికి పనిలేదని మాస్టారు చెప్పారు. తెలంగాణ వచ్చాక తంగేడుని రాష్ట్ర పుష్పంగా ప్రకటించినప్పుడు నాకు ఆ గుంటుపల్లి మెట్లే గుర్తొచ్చాయి.

ఇంకాస్త పైకి వెళ్తే నల్లమద్దులు. బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఒకసారి ఆ బెరడు చూసినవాళ్ళు ఇక జన్మలో మర్చిపోరు. దాని మానులో కొన్నిసార్లు నీళ్ళు నిలవ ఉంటాయని మాస్టారు చెబితే మాలో సగంమంది నమ్మలేదు. 2024లో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది నల్లమద్దికి గాటు పెడితే ధారగా నీళ్ళు కారిన వీడియో ఊరంతా చూసింది. నేను దాన్ని మా పాత బ్యాచ్ గ్రూపులో పెట్టాను. ఒక్కొక్కరూ మాస్టారి మాటలే మళ్ళీ రాశారు.

కొండ దిగి ఏటి ఒడ్డుకి వస్తే మద్ది మారిపోతుంది. నా మనసులో మెట్టకీ తడికీ తేడా మొట్టమొదట స్థిరపడింది అక్కడే. ఒడ్డున ఉన్నవి తెల్లమద్దులు. బెరడు నున్నగా, పాలిపోయిన బూడిదరంగులో, పెచ్చులు పెచ్చులుగా రాలుతూ ఉంటుంది. రెండూ ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి, కాయలకి రెండింటికీ రెక్కలే. ఒకటి గుట్ట వదలదు, రెండోది ఏరు వదలదు. వాటి మధ్య దూరం కొన్నిచోట్ల పిలిస్తే పలికేంత. తెల్లమద్దుల పక్కనే కానుగలు, నేరేళ్ళు. శివరాత్రి వెళ్ళాక ఏట్లో చుక్క నీరు ఉండేది కాదు, అయినా ఆ చెట్ల వరస మాత్రం పచ్చగా వంకర్లు తిరుగుతూ కనబడేది. ఊరివాళ్ళు ఆ వరస చూసుకునే ఇసుకలో చెలమ తవ్వేవాళ్ళు. మేమూ అలా తవ్విన చెలమ నీళ్ళే తాగాం.

పల్లంలోకి దిగాక పాఠం చెప్పేవాళ్ళు మారిపోయారు. పెదపాడు వైపు చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, "మీకు తెలిసింది మా పిల్లలకి కాస్త చూపించండమ్మా" అని మాస్టారు గట్టు మీద కూర్చునేవారు. "ఏం పాపా, కలుపు తీస్తారా, చదువుకుంటారా?" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. మేం చీరలూ పరికిణీలూ ఎగ్గట్టి మడిలోకి దిగేవాళ్ళం.

వరిలో ఊద అనే కలుపుగడ్డి ఉంటుంది. వెన్ను వేశాక ఎవరైనా పోల్చుకుంటారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. లేత వయసులో రెండూ ఒకటే పచ్చదనం, ఒకటే ఎత్తు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె చేతులు ఆగకుండా కదులుతుంటే ఊద మాత్రమే పైకి వచ్చేది. ఎలా మామ్మా అని అడిగితే ఒక మొక్క పీకి, ఆకుని కాడ నుంచి వెనక్కి వంచి, ఆ మడత చూపించింది. తర్వాత వరి ఆకుని కూడా అలాగే వంచింది. వరికి ఆకూ ఒరా కలిసేచోట పల్చటి తెల్లటి పొర నిలబడి ఉంటుంది, పక్కన నూగుతో చిన్న చెవులు. ఊదకి అక్కడ ఏమీ ఉండదు, నున్నటి మడతే. గడ్డిజాతి మొక్కల్ని విడదీయడానికి పుస్తకాల్లో వాడే ముఖ్యమైన గుర్తుల్లో అదొకటి. మాస్టారు గట్టు మీద నుంచి, "చూశారా? మీ ప్రాక్టికల్ పరీక్షలో ఈ ప్రశ్నకి పది మార్కులు" అన్నారు. ఆవిడకి ఆ మార్కులతో ఏం పని, కూలి డబ్బులు సరిగ్గా వస్తే చాలు. ఇన్నేళ్ళ తర్వాత కూడా గడ్డిమొక్క కనబడగానే నా చెయ్యి ముందు ఆకుని వెనక్కి వంచుతుంది.

తుంగ సంగతీ అక్కడే తెలిసింది. కాడని రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే మూడు పలకలు తగులుతాయి. గడ్డి కాడ అయితే గుండ్రంగా తిరుగుతుంది, కణుపులు తగులుతాయి, కణుపుల మధ్య చాలావాటికి బోలు. తుంగకి ఆకులు మూడు వరసల్లో, గడ్డికి రెండు వరసల్లో. అయితే తుంగ కనబడింది కదా అని అది తడినేల అనుకోకూడదు. మట్టిలో గొలుసుగా దుంపలు వేసే తుంగ మెట్ట చేలో మొక్కజొన్న మధ్య కూడా హాయిగా బతుకుతుంది. ఆ దుంప చిదిమితే మంచి వాసన, తుంగముస్తలని పచారీ కొట్లో అమ్మేవి అవే. దుంప లేకుండా, వేళ్ళ కుచ్చుతో, వరి మళ్ళల్లో గుంపులుగా లేచే తుంగలు వేరు. తడికి సాక్ష్యం చెప్పేవి అవి.

గట్ల మీద చూసినవి చాలా ఉన్నాయి, అన్నీ రాయను. గుంటగలగర కాడ చిదిమితే కాసేపటికి వేళ్ళు నల్లబడతాయి. పొన్నగంటి ఆకుల మొదట్లో తెల్లపూలు అతుక్కుని ఉంటాయి, సాయంత్రం ఇంటికి కూరకి కూడా పనికొచ్చేది. పులిచింతకి మూడాకులు, కొంచెం ఎత్తు నేల. దాన్ని పోలినట్టే ఉండి నాలుగాకులున్నది మార్సీలియా. అది పూయదు, నీటి ఫెర్న్. మడిలో నీళ్ళుంటే ఆకులు నీటి మీద పరుచుకుంటాయి, నీళ్ళు తీసేస్తే నిటారుగా నిలబడతాయి.

ఇక కొల్లేరు. నేను దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

గుడివాకలంక వైపు నుంచి తాటిదోనెలో వెళ్ళేవాళ్ళం. తాటిమాను తొలిచి చేసిన దోనె, కదలకుండా కూర్చోవాలి. దోనె నడిపే ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం. ఆయన మాస్టారిని 'అయ్యగారూ' అనీ, మమ్మల్ని 'అమ్మాయిగారూ' అనీ పిలిచేవాడు. మొక్కల్ని ఆయన చూసే తీరు వేరు. గెడకి ఏది అడ్డం పడుతుంది, వలకి ఏది చుట్టుకుంటుంది, కొరమేను ఏ మొదట్లో దాక్కుంటుంది, ఏ పిట్ట ఎక్కడ గూడు కడుతుంది. మాస్టారు లాటిన్ పేరు చెబితే, ఆయన ఆ మొక్క కాలికి ఎంత లోతున తగులుతుందో చెప్పేవాడు. నాకు రెండూ నోటుబుక్కులో పక్కపక్కనే రాసుకోవడం అలవాటైంది.

ఒడ్డు నుంచి లోపలికి వెళ్తుంటే మొక్కలు వరసలు వరసలుగా మారేవి. ముందు బురదలో రెల్లు, కిక్కిస. కిక్కిసకి కణుపులుంటాయి, కాడ బోలు, మనిషి కన్నా ఎత్తు. తర్వాత మోకాలి లోతులో జమ్ము. దాని ఆకు అడ్డంగా కోస్తే ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు, లోపలంతా గాలి గదులు. జమ్ముతో చాపలు అల్లుకుంటే తేలికగా, మెత్తగా ఉంటాయంటే ఆ గదుల వల్లే. ఇంకా లోతుకి వెళ్తే కలువలు, తామరలు. కలువాకుకి కాడ అతికినచోట నుంచి అంచు దాకా చీలిక ఉంటుంది, నీటి మీదే తేలుతుంది. తామరాకుకి చీలిక ఉండదు, కాడ ఆకు నడిమధ్యలో అతుకుతుంది, ముదిరిన ఆకు నీటిపైకి లేస్తుంది. కలువాకుకి గాలి పీల్చుకునే రంధ్రాలు పైవైపు మాత్రమే ఉంటాయి, కింద నీళ్ళే కాబట్టి. తామర తూడు విరిచి అందులో గాలి గొట్టాలు చూపిస్తూ మాస్టారు అడిగారు, "బురదలో గాలి ఉండదు కదా, మరి వేరు ఎలా బతుకుతోంది?" అని. మేం సమాధానం వెతుక్కుంటుంటే బాబాయే, "పైనుంచి ఊపిరి పంపుతుందండి, లేకపోతే కుళ్ళిపోదూ" అన్నాడు.

ఆ మాటకి రుజువు బురదలోనే ఉంది. ఒడ్డున ఒక గడ్డ మట్టి తవ్వి తీస్తే బూడిదరంగు, కాస్త కుళ్ళిన గుడ్డు వాసన. ఆ బూడిదలో సన్నటి తుప్పు గీతలు. ఆ గీతలు పాత వేళ్ళ దారులు. ఆకుల నుంచి వేళ్ళకి దిగిన గాలిలో కొంత మట్టిలోకి కారి, అక్కడి ఇనుముని తుప్పు పట్టిస్తుంది. గుంటుపల్లి ఎర్రమట్టి అంతా ఎరుపే, గాలి ఆడే నేల. ఇక్కడ వేరు వెళ్ళిన మేరకే ఎరుపు. మట్టి కూడా చదవొచ్చని నాకు అప్పుడే తెలిసింది. నిజంగా ఒళ్ళు జలదరించింది.

నీటి లోపలున్న వాలిస్నేరియా గురించి చెప్పకుండా ఉండలేను. పొడుగాటి రిబ్బన్ ఆకులు. ఆడపువ్వు సన్నటి పొడుగు కాడతో నీటి మట్టానికి వస్తుంది. మగపూలు అడుగున తెగి, ఆవగింజ కన్నా చిన్నగా, గుంపులుగా పైకి తేలి నీటి మీద కొట్టుకుంటూ వచ్చి ఆడపువ్వుని తాకుతాయి. ఫలించాక ఆ పొడుగు కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయని అడుక్కి లాగేసుకుంటుంది. దోనె ఆపి, గాలి లేని ఉదయం పూట, అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ఇలాంటివి చూసిన వయసులోనే నేను ఎమ్మెస్సీ బాటనీ అని నిర్ణయించుకున్నాను, ఇంట్లో బీఈడీ అంటున్నా సరే.

గుర్రపుడెక్క అప్పటికే కొల్లేటిని కమ్మేస్తోంది. దక్షిణ అమెరికా మొక్క. ఉబ్బిన కాడల్లో గాలి నింపుకుని తేలుతుంది, ఎక్కడికైనా వెళ్తుంది. పువ్వు అందంగా ఉందని మా స్నేహితురాలు తలలో పెట్టుకోబోతే బాబాయ్ ఒప్పుకోలేదు. ఆ మొక్క మీద ఆయనకి అంత కోపం, దోనె కదలనివ్వదని.

వేసవి సెలవులకి ముందు మాస్టారు మమ్మల్ని మళ్ళీ కొల్లేటికే తీసుకెళ్ళారు. నాకు అన్నిటికన్నా విలువైన రోజు అది. నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయాయి. దోనె తిరిగినచోట గేదెలు మేస్తున్నాయి. నేల బీటలు వారి, గుంటుపల్లి కన్నా ఎండుగా ఉంది. "ఇప్పుడు చెప్పండి, ఇది మెట్టా, పల్లమా?" అన్నారు.

పురికొస తీశారు. గజానికో ముడి వేసి ఉంది. ఊరి గట్టు నుంచి లోపలికి పరిచి, ప్రతి ముడి దగ్గరా ఏ మొక్కలున్నాయో, ఏది ఎక్కువుందో రాయమన్నారు. గట్టు మీద ఉత్తరేణి, వెంపలి, పల్లేరు. అక్కడక్కడ నల్లతుమ్మ, గరిక. తర్వాత పల్లేరు ఆగిపోయింది. వెంపలి ఆగిపోయింది. గరిక, నల్లతుమ్మ మాత్రం కొనసాగాయి. కొంత దూరం పోయాక నేలకి అతుక్కుపోయి, ముడతలు పడ్డ ఆకులతో కోల్డీనియా మొదలైంది. ఎండిన చెరువు గర్భాల్లో, నీళ్ళు తీసేసిన మళ్ళల్లో వచ్చే మొక్క అది. దాని తర్వాత నీటిగొబ్బి ఎండు కాడలు, ప్రతి కణుపు దగ్గరా ఆరేసి ముళ్ళు. ఆ పైన బీటల్లో తుంగ మోళ్ళు, మార్సీలియా ఎండు తీగలు. ఎక్కడా నీటిచుక్క లేదు. కానీ వానాకాలంలో నీళ్ళు ఎంతవరకు వచ్చి ఎన్నాళ్ళు నిలిచాయో ఆ తాడు పక్కన రాసుకున్న పేర్లలోనే ఉంది. వెంపలి ఆగిన ముడికీ కోల్డీనియా మొదలైన ముడికీ మధ్య మాస్టారు కర్ర పాతారు. "సరస్సు ఇక్కడిదాకా" అన్నారు. బాబాయ్ వచ్చి చూసి, "అవునండి, ముసురులో దోనె ఇక్కడే కట్టేది" అన్నాడు.

గరిక సాక్ష్యం చెల్లదని కూడా అప్పుడే తెలిసింది. గరిక, నల్లతుమ్మ, లొట్టపీచు అటూ ఉంటాయి, ఇటూ ఉంటాయి. ఒక్క మొక్కని చూసి తీర్పు చెప్పకూడదు, ఎక్కువమంది ఎవరో చూడాలి, వాళ్ళ కింద మట్టి ఏమంటుందో చూడాలి.

ఎండబెట్టిన నమూనాలు 42 బై 28 సెంటీమీటర్ల హెర్బేరియం షీట్ల మీద అతికించేవాళ్ళం. తామర, కలువ ఎండటానికి చాలా రోజులు పట్టేది, రోజూ పేపర్లు మార్చాలి, లేదంటే బూజు. నీటి లోపలి నాచు జాతులు బయటికి తీస్తే ముద్దయిపోతాయి కాబట్టి పళ్ళెంలో తేలనిచ్చి, కింద నుంచి కాగితం దూర్చి పైకి లేపేవాళ్ళం. ఎన్ని బాగా చేసినా లేబుల్ మీద 'నివాసం' అన్న గడి ఖాళీగా ఉంటే మాస్టారు షీటు తిరగ్గొట్టేవారు. 'ఏలూరు దగ్గర' అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. నీటిలోనా, అంచు బురదలోనా, తడి గట్టు మీదా, ఎండు మెట్టలోనా స్పష్టంగా ఉండాలి.

చాలా ఏళ్ళ తర్వాత అమెరికాలో స్థిరపడ్డ మా క్లాస్‌మేట్ ఫోన్ చేసి, అక్కడ తన ఉద్యోగం ఇదేనని చెప్పింది. చిత్తడినేల హద్దులు గీయడం అక్కడ ఒక వృత్తి. సైన్యం ఇంజనీర్ల విభాగం 1987లో వేసిన మాన్యువల్ ప్రకారం మొక్కలు, మట్టి, నీటి ఆనవాళ్ళు మూడూ చూడాలి. మొక్కల్ని ఐదు తరగతులు చేశారు. దాదాపు ఎప్పుడూ తడినేలలోనే కనబడేవి ఒక చివర, దాదాపు ఎప్పుడూ మెట్టలోనే కనబడేవి మరో చివర, మధ్యలో అటూ ఇటూ ఉండేవి మూడు మెట్లు. "మన గరిక మధ్య మెట్లలో పడుతుందే" అంది. ఇద్దరం ఫోన్లో పురికొస గురించే అరగంట మాట్లాడుకున్నాం.

కొల్లేరు హద్దు తర్వాత పెద్ద వివాదమైంది. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు (అంత ఎత్తున్న చోట్లని కలిపే గీత) వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడినేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్‌లో చేరింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కాంటూరుని మూడుకి తగ్గించాలన్న వాదన ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. లంకల్లో బతికేవాళ్ళ కష్టం నాకు తెలుసు, దోనె బాబాయ్ పిల్లలూ చెరువుల్లోనే పనిచేశారు. కానీ హద్దు గురించి ఎవరు మాట్లాడినా నాకు కోల్డీనియాని కూడా పిలిచి అడగాలనిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు ఏ ఏడు పొంగినా నీళ్ళు వచ్చి నిలవాల్సింది అక్కడే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళూ చివరికి కొల్లేటికే వచ్చాయి.

హైదరాబాదులో ఉంటున్న మా చుట్టాలు ఒకసారి స్థలం కొనబోతూ, చెట్లు తెలిసినదాన్ని కదా అని నన్నూ తీసుకెళ్ళారు. మార్చి నెల, చుట్టూ అంతా ఎండే. గోడ కట్టిన ఆ స్థలంలో మూలగా జమ్ము నిలబడి ఉంది, దాని చుట్టూ గుంటగలగర. కాస్త తవ్వించి చూస్తే బూడిదరంగు మట్టి, తుప్పు గీతలు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని వాళ్ళు చెబుతున్నారు. వానాకాలం వచ్చాక మళ్ళీ చూసి కొనమన్నాను. జూలైలో వాళ్ళు ఫోటో పంపారు, గోడ సగం నీళ్ళలో ఉంది.

ఇప్పుడు మెట్ట కూడా అప్పటి మెట్ట కాదు. పొదలు పోయి పామాయిల్ తోటలు వచ్చాయి. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ కూడా పెదవేగిలోనే ఉంది. ఆ చెట్టుకి నీళ్ళు బాగా కావాలి, బోర్లు, డ్రిప్పు. మొన్న అటు వెళ్ళినప్పుడు పామాయిల్ మొదళ్ళలో, డ్రిప్పు కారేచోట పొన్నగంటి, గుంటగలగర చూశాను. తడి దొరికితే పల్లం మొక్క ఎర్రమట్టి కూడా ఎక్కుతుంది. దాన్ని చూస్తే సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు, మాస్టారికి చూపించాలనిపించింది. ఆయన పోయి చాలాకాలమైంది.

2022 నుంచి మెట్టా, కొల్లేట్లో ఎక్కువ భాగమూ ఒకే ఏలూరు జిల్లాలో ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు గుంటుపల్లికి వానలు తగ్గాక వెళ్ళండి, అప్పుడు వెంపలి, విష్ణుక్రాంత పూతలో ఉంటాయి. వరి నాట్లు వేసిన నెల లోపల చేలకి వెళ్తే ఊదని పోల్చుకోవడం నేర్చుకోవచ్చు. కొల్లేటికి రెండుసార్లు వెళ్ళాలి, నవంబరులో ఒకసారి నీళ్ళ కోసం, మే నెలలో ఒకసారి అంచు కోసం. పురికొస, భూతద్దం, పాత పేపర్లు చాలు. ఫోన్లో మొక్కల్ని గుర్తించే యాప్‌లున్నాయి, వాడండి, కానీ గడ్డి, తుంగ జాతుల దగ్గర వేళ్ళతో తిప్పి చూశాకే నమ్మండి. నీళ్ళలోకి దిగేటప్పుడు లంక వాళ్ళని ఎవరినైనా తోడు తీసుకోండి, వాళ్ళు చెప్పే పేర్లూ లోతులూ అక్కడికక్కడే రాసుకోండి.